పింఛను పెరిగిందంటే ఎంత పెరిగినట్టు?

శ్రోతలకు నమస్కారం.

బడ్జెట్ ప్రసంగంలో "పింఛను పెంచుతున్నాం" అన్న మాట రాగానే చప్పట్లు మోగుతాయి. మర్నాడు పత్రికల్లో ఆ అంకె పెద్ద అక్షరాల్లో కనిపిస్తుంది. అది ఎలా తేలిందో అడిగేవాళ్లు మాత్రం తక్కువ. ఈ పూట ఆ సంగతే నాలుగు మాటలు చెప్పుకుందాం.

అమెరికాలో ఐడా మే ఫుల్లర్ అనే ఆవిడ ఉండేవారు. సోషల్ సెక్యూరిటీ అనే అక్కడి ప్రభుత్వ పథకం కింద నెలవారీ పింఛను అందుకోవడం ఆవిడతోనే మొదలైంది. 1940 జనవరి 31 తేదీతో వచ్చిన ఆ మొదటి చెక్కు 22 డాలర్ల 54 సెంట్లు. తర్వాత పదేళ్లూ అంతే. మధ్యలో యుద్ధం వచ్చి ధరలు మండిపోయినా అంకె కదల్లేదు. కదలాలంటే కాంగ్రెస్, అంటే అక్కడి చట్టసభ, మళ్లీ చట్టం చెయ్యాలి మరి. 1950లో చేసింది. ఆవిడ చెక్కు ఒక్కసారిగా 41 డాలర్ల 30 సెంట్లయింది. చూడ్డానికి భారీ పెంపే. కానీ అందులో చాలా భాగం పదేళ్లుగా పేరుకున్న పాత బాకీ.

ప్రతిసారీ ఇలా ఎదురుచూసే బాధ లేకుండా, పింఛనును ధరల సూచీకి ముడిపెడుతూ 1972లో చట్టం చేశారు. ఆ లెక్కన మొదటి పెంపు, 8 శాతం, 1975 నడిమధ్యన వచ్చింది. నూరేళ్లు నిండిన ఫుల్లర్ అదే ఏడాది జనవరిలో కన్నుమూశారు.

ముడిపెడితే తంటాలు తీరిపోతాయా అంటే, అదీ లేదు. బ్రిటన్ సంగతి చూడండి. 2000 ఏప్రిల్‌లో అక్కడ మూల పింఛను వారానికి 66 పౌండ్ల 75 పెన్స్ నుంచి 67 పౌండ్ల 50కి పెరిగింది. అంటే 75 పెన్స్! లెక్కలో తప్పేమీ లేదు. అంతకుముందు సెప్టెంబరులో ద్రవ్యోల్బణం 1.1 శాతమే. అయినా పెద్దవాళ్లు భగ్గుమన్నారు. జీతాలు అంతకన్నా వేగంగా పెరుగుతుంటే తమకు చిల్లర విదిలించారన్నది వాళ్ల కోపం. మరుసటి ఏడాది 5 పౌండ్లు పెంచక తప్పలేదు. 2010లో వచ్చిన ప్రభుత్వం 'ట్రిపుల్ లాక్' అనే హామీ ఇచ్చింది: ధరల పెరుగుదల, జీతాల పెరుగుదల, 2.5 శాతం, ఈ మూడింట్లో ఏది ఎక్కువైతే అంత పెంచాలి.

ఇది పింఛనుదారులకు మాత్రమే. పనిచేసే వయసులో ఉన్న పేదలకిచ్చే భత్యాల్లో చాలావాటిని అదే దేశంలో 2016 నుంచి నాలుగేళ్లపాటు పైసా పెంచలేదు. ముసలివాళ్లు క్రమం తప్పకుండా ఓటేస్తారు, కుర్ర నిరుద్యోగులు అంతగా వెయ్యరు. ఆ తేడాకు ఇంతకన్నా పెద్ద కారణం నాకైతే కనిపించదు.

ఇక ఆలస్యం సంగతి. బ్రిటన్‌లో భత్యాలను సెప్టెంబరు ధరలు చూసి ఏప్రిల్‌లో పెంచుతారు కదా, ఆ ఏడు నెలల్లో ధరలు ఆగుతాయా? 2022 ఏప్రిల్‌లో పెంచింది 3.1 శాతం. ఆ నెల ద్రవ్యోల్బణం 9 శాతం! మధ్యలో మళ్లీ పెంచొచ్చు కదా అంటే, చాలా భత్యాలను ఏడాదికి ఒక్కసారే మార్చేలా కంప్యూటర్ వ్యవస్థ ఉందని అప్పటి ఆర్థికమంత్రి రిషి సునాక్ చెప్పారు. సాకులా వినిపిస్తుందని ఆయనే ఒప్పుకున్నారు కూడా.

పెంపు బదులు, ఆదాయాన్ని బట్టి భత్యాలందుకునే కుటుంబాలకు 650 పౌండ్ల సాయం ప్రకటించారు. కష్టకాలంలో అది పెద్ద ఆసరా, కాదనను. అయితే ఖజానా దృష్టిలో దానికి ఇంకో సుగుణం ఉంది. పెంచిన భత్యం ఏటా మోయాల్సిన బరువు. వచ్చే ఏడాది శాతాన్ని దాని మీదే కడతారు. ఒక్కసారి ఇచ్చిన సాయం ఇచ్చినప్పుడే అయిపోతుంది. మరుసటి ఏడాది లెక్క మళ్లీ పాత అంకె నుంచే మొదలవుతుంది.

సెలవు.