వేలికి అంటిన నెత్తురు: హెచ్‌ఐవీ భయం ఎంతవరకు నిజం?

(దృశ్యం: విశాఖ ఫిషింగ్ హార్బర్, ఉదయం. కత్తిపీట ముందు కూర్చున్న ఒక మహిళ కోనం చేపను ముక్కలు చేస్తోంది.)

వ్యాఖ్యాత: చేప కోసే వేగంలో ఆమె వేలు తెగింది. పక్కనున్న బకెట్ నీళ్లలో వేలు ముంచి, గుడ్డపేలిక చుట్టుకుని ఆమె మళ్లీ పనిలో పడింది. సంచి అందుకున్న మనిషికి మాత్రం ఇంటికి చేరేదాకా ఒకటే ఆలోచన: ముక్కల మీద ఉన్న ఆ నెత్తురు చేపదా, ఆమెదా? ఒకవేళ ఆమెదే అయితే, ఆమెకు హెచ్‌ఐవీ ఉంటే, నా చేతికి గీరుకున్న గాటు ఉంటే?

చేపలకు హెచ్‌ఐవీ ఉండదు. ఆ నెత్తురు ఆమెదే అనుకున్నా, శరీరం బయట ఈ వైరస్ త్వరగా బలహీనపడుతుంది, పులుసు మరిగే వేడికి నశిస్తుంది. అది మనిషిలో స్థిరపడాలంటే, తగినంత పరిమాణంలో, బతికి ఉన్న స్థితిలో, మన రక్తంలోకి గాని, కన్ను, నోరు, జననాంగాల లోపలి సున్నితమైన పొరల్లోకి గాని చేరాలి. తెగని చర్మం గుండా అది లోపలికి పోలేదు; పక్కుకట్టిన పాత గీత కూడా నెత్తురోడుతున్న పచ్చి గాయంతో సమానం కాదు. అందువల్ల నెత్తురు కనిపించినప్పుడు వేసుకోవలసిన ప్రశ్న, అది ఏ దారిన నాలోకి వచ్చిందన్నదే. దోమకాటుతో హెచ్‌ఐవీ రాదు.

(దృశ్యం: సెలూన్. మంగలి కొత్త బ్లేడును కాగితంతో సహా రెండుగా విరిచి, సగాన్ని కత్తిలో అమరుస్తాడు.)

వ్యాఖ్యాత: ఈ చిన్న విరుపు చప్పుడు వినిపించిందంటే గడ్డం నిశ్చింతగా గీయించుకోవచ్చు. వినిపించకపోతే కొత్త బ్లేడు వేయమని అడగడానికి మొహమాటపడవద్దు. నా మట్టుకు నేను ఆ మాట అడిగేది హెచ్‌ఐవీ కంటే కాలేయాన్ని దెబ్బతీసే హెపటైటిస్-బి గురించే ఎక్కువ, ఎందుకంటే ఆ వైరస్ ఎండిన నెత్తుటిలో కనీసం 7 రోజులు బతకగలదు. దానికి టీకా ఉంది, హెచ్‌ఐవీకి లేదు.

(దృశ్యం: మద్దిలపాలెం వద్ద జాతీయ రహదారి. పడిపోయిన బైకు, చుట్టూ మూగిన జనం.)

వ్యాఖ్యాత: గాయపడిన మనిషిని ముట్టుకోవడానికి జనం వెనుకాడే చోటే ఈ భయం అసలు నష్టం చేస్తుంది. దగ్గరున్న పాలిథిన్ సంచిని చేతికి తొడుక్కుని గాయాన్ని గుడ్డతో అదిమి పట్టండి, తరువాత సబ్బుతో చేతులు కడుక్కోండి. కంట్లో నెత్తురు చిందితే వెంటనే నీటితో బాగా కడిగి, డాక్టరుకు చెప్పండి.

(దృశ్యం: ఆసుపత్రి వార్డు. వాడిన సూదిని డబ్బాలో వేయబోతున్న నర్సు చేయి.)

వ్యాఖ్యాత: నిజంగా కంగారు పడవలసిన సందర్భం ఇది. బోలుగా ఉండే సూదిలో నెత్తురు నిలిచి ఉంటుంది, అది నేరుగా లోపలికి దిగుతుంది. అయినప్పటికీ, హెచ్‌ఐవీ ఉన్నవారి నెత్తురు అంటిన సూది గుచ్చుకున్నప్పుడు వైరస్ సోకేది వెయ్యి సందర్భాల్లో సుమారు 3 సార్లే. క్రమం తప్పక మందులు వాడుతూ రక్తంలో వైరస్ కనిపించని స్థాయికి చేరినవారి విషయంలో ఈ ముప్పు ఇంకా తక్కువ. గుచ్చుకున్న వేలిని అలవాటు కొద్దీ నోట్లో పెట్టుకోవద్దు, పిండవద్దు, స్పిరిట్ పోయవద్దు. సబ్బుతో, ధారగా పడే నీటితో కడగండి. ఆ తరువాత వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి, ఎందుకంటే నివారణ మందులు మొదటి గంటల్లోనే మొదలుపెట్టడం మంచిది, 72 గంటలు దాటితే ప్రయోజనం ఉండదు, మొదలుపెట్టాక 28 రోజులూ మానకుండా వాడాలి. విశాఖలో కింగ్ జార్జ్ ఆసుపత్రిలో (కేజీహెచ్) హెచ్‌ఐవీకి మందులిచ్చే ఏఆర్‌టీ కేంద్రం ఉంది. ఎటు వెళ్లాలో తోచనివారు 1097కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు.

సంఘటన జరిగిన మర్నాడే పరీక్ష చేయించుకుని నెగెటివ్ అని ఊరట పొందేవారున్నారు. ఆ ఫలితం అంతకుముందటి స్థితిని మాత్రమే చెబుతుంది. హెచ్‌ఐవీ సలహా, పరీక్షల కోసం ఉన్న ఐసీటీసీ కేంద్రాల్లో పరీక్ష ఉచితం, వివరాలు గోప్యం. వేలి నెత్తుటితో చేసే సాధారణ యాంటీబాడీ పరీక్షకు 3 నెలల గడువు చూడాలి. 2017 నాటి హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం ప్రకారం మన అంగీకారం లేకుండా ఈ పరీక్ష చేయకూడదు.

(దృశ్యం: మళ్లీ హార్బర్. గుడ్డ చుట్టిన వేలు.)

వ్యాఖ్యాత: ఇక ఈమె సంగతి. చేప కోసిన కత్తితో తెగిన వేలిని బకెట్ నీళ్లలో ముంచితే సరిపోదు. శుభ్రమైన నీళ్లు, సబ్బు, కొత్త కట్టు కావాలి. ధనుర్వాతం రాకుండా వేసే టీటీ ఇంజెక్షను చివరిసారి ఎప్పుడు వేయించుకున్నదో ఆమెను ఎవరైనా అడగాలి.