అద్దె డెస్క్‌టాప్, ఇంటి లినక్స్

శ్రోతలకు నమస్కారం.

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సంస్థ 2025 అక్టోబరు 14తో మద్దతు ముగించడంతో, నిక్షేపంగా పనిచేస్తున్న ఎన్నో కంప్యూటర్లు చిక్కులో పడ్డాయి. విండోస్ 11 ఎక్కించాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు, ఇంటెల్ కంప్యూటరైతే ఇంచుమించు ఎనిమిదో తరం ప్రాసెసరు ఉండాలి. అవి లేని యంత్రాన్ని పాత సామాన్ల వాడికి తూకానికి వేసే ముందు పరిశీలించదగిన మార్గాలు రెండున్నాయి.

మొదటిది అద్దె డెస్క్‌టాప్. మీ ఫైళ్లూ ప్రోగ్రాములూ ఎక్కడో దూరాన ఉన్న డేటా సెంటర్‌లోని సర్వరులో ఉంటాయి. అక్కడి తెర బొమ్మ ఇంటర్నెట్ ద్వారా మీ ముందుకు వస్తుంది, మీరు నొక్కిన మీటలూ కదిపిన మౌసూ అక్కడికి వెళతాయి. మైక్రోసాఫ్ట్ 2021లో సంస్థల కోసం ప్రారంభించిన విండోస్ 365 ఇటువంటిదే. మన దేశంలో రిలయన్స్ జియో 2025లో తెచ్చిన జియోపీసీ, టీవీకి తగిలించిన సెట్‌టాప్ బాక్సు ద్వారా ఇదే పని చేస్తుంది. చిత్రమేమిటంటే, అది నడిచేది ఉబుంటు లినక్స్ అనే, విండోస్‌కు బదులుగా వాడే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ మీద. అంటే నేను చెప్పబోయే రెండో మార్గం ఈ మొదటి దానిలోనే ఇమిడి ఉందన్నమాట.

ఈ అద్దె పద్ధతిలో ఇంటర్నెట్ వేగం కన్నా జాప్యం, అంటే మీట నొక్కాక దాని ఫలితం తెర మీదికి రావడానికి పట్టే సమయం, ముఖ్యం. తెలుగు టైపు చేసేవారికి ఇది వెంటనే తెలిసిపోతుంది. భారతీయ భాషల ప్రామాణిక కీబోర్డు అమరిక అయిన ఇన్‌స్క్రిప్ట్ పద్ధతిలో ‘క్ష్మి’ రావాలంటే క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి అని వరుసగా ఆరు మీటలు నొక్కాలి, నొక్కిన ప్రతిసారీ తెర మీద అక్షరం రూపు మారుతూ ఉంటుంది. ఆ మార్పు కాస్త ఆలస్యంగా కనిపించినా, ఎక్కడిదాకా వచ్చామో తెలియక, నొక్కిన మీటనే మళ్లీ నొక్కుతాం.

రెండోది, మీ పాత యంత్రంలోనే లినక్స్ వేసుకోవడం. హెల్సింకీలో విద్యార్థిగా ఉన్న లినస్ టోర్వాల్డ్స్ 1991లో మొదలుపెట్టిన ఈ కెర్నల్‌ను, అంటే ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ వంటి భాగాన్ని, ఎవరైనా చదవవచ్చు, మార్చవచ్చు, పంచవచ్చు. దాని మీద నిర్మించిన లినక్స్ మింట్‌లో ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలికపాటి రూపం ఉంది; 4 జీబీ ర్యామ్ ఉన్న కంప్యూటరుకు అది సరిపోతుంది. బ్రౌజరులో ఇరవై ట్యాబులు తెరిస్తే మాత్రం ఏ ఆపరేటింగ్ సిస్టమూ ఆదుకోలేదు. పాత హార్డ్ డిస్కు తీసి, తిరిగే భాగాలు లేని వేగవంతమైన డిస్కు ఎస్‌ఎస్‌డీ పెట్టిస్తే తేడా ఇంకా బాగా తెలుస్తుంది.

దీన్ని వేసుకోవడానికి ముందే పరీక్షించే వీలుంది. 8 జీబీ పెన్‌డ్రైవ్‌లోకి మింట్‌ను ఎక్కించి, కంప్యూటరును దాని నుంచే బూట్ చేస్తే, డెస్క్‌టాప్ అంతా పెన్‌డ్రైవ్, ర్యామ్‌ల సాయంతోనే నడుస్తుంది. ‘ఇన్‌స్టాల్’ నొక్కి ముందుకు సాగనంతవరకు మీ డిస్కు జోలికి అది పోదు. ఆ స్థితిలోనే వైఫై తగులుతుందా, శబ్దం వస్తుందా, ప్రింటరు పనిచేస్తుందా, తెలుగు కీబోర్డు కుదురుతుందా అని తీరిగ్గా చూసుకోండి. ఇన్‌స్టాల్ చేసే ముందు ఫైళ్లన్నీ వేరే డిస్కులోకి నకలు తీసుకోవడం మరవకండి.

నా మటుకు నేను, సాధారణ గృహస్థులకు ఈ రెండో మార్గమే ముందు చెబుతాను, ఎందుకంటే నెలనెలా అద్దె ఉండదు, నెట్ పోయినా ఉత్తరం రాసుకోవచ్చు, ఫైళ్లు మన దగ్గరే ఉంటాయి. అయితే డీటీపీ కేంద్రాల్లో వాడే ‘అను’ అనే పేరున్న తెలుగు ఫాంట్లూ, దుకాణం లెక్కలు రాసే ట్యాలీ విండోస్ కోసం తయారైనవి. అటువంటి ఒకటి రెండు పనులకు, దుకాణంలో విండోస్ ప్రో ఉన్న యంత్రం ఒకటి ఉంచుకుని, రెమ్మినా అనే ఉచిత ప్రోగ్రాముతో లోపలి గది లినక్స్ నుంచి దాన్ని తెరుచుకోవచ్చు. ఒకే వైఫైలో ఉన్న యంత్రాలు కనుక ఇందులో జాప్యం బెడద దాదాపు ఉండదు. విండోస్ హోమ్‌కు మాత్రం ఇలా బయటి నుంచి తెరిచే సదుపాయం లేదు కాబట్టి, ఆ యంత్రంలో ఏ ఎడిషన్ ఉందో ముందే చూసుకోవాలి.