క్రమశిక్షణ సంఘంలో మొదటి మాట ఎవరిది?

సభాధ్యక్షులకు, హైదరాబాద్ పాఠశాలల నుంచి వచ్చిన ఉపాధ్యాయ మిత్రులకు నమస్కారం.

ఏడో తరగతి పిల్లవాడొకడు సెల్‌ఫోన్‌తో పట్టుబడ్డాడనుకుందాం. ప్రిన్సిపాల్ గదిలో అయిదుగురు సమావేశమవుతారు. "వీడితో మొదటినుంచీ ఇదే గొడవ, టీసీ ఇచ్చి పంపించేద్దాం" అని ప్రిన్సిపాల్ గారే ముందుగా అనేస్తే, రెండు రోజుల సస్పెన్షన్ చాలనుకుంటూ వచ్చిన లెక్కల మాస్టారు కూడా తల ఊపుతారు. ఆయన అభిప్రాయమేమీ మారలేదు, బయటికి రాలేదంతే. మినిట్స్‌లో మాత్రం ఏకగ్రీవమని నమోదవుతుంది.

1950ల తొలినాళ్లలో సాలమన్ యాష్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త గీతల పొడవును పోల్చమని అడిగే ప్రయోగాలు చేశారు. ముందే కుదుర్చుకున్న మనుషులంతా కావాలని తప్పు జవాబు చెప్పినప్పుడు, అసలు పరీక్షకు వచ్చినవారు సుమారు మూడోవంతు సందర్భాల్లో తమ కళ్ళకు కనబడుతున్నదాన్ని కాదని గుంపుతోనే ఏకీభవించారు. అయితే ఆ గుంపులో ఒక్కరు సరైన జవాబు చెప్పినా ఈ లొంగుబాటు బాగా తగ్గిపోయింది. గీతల దగ్గరే అంత జంకు ఉంటే, ఇంక్రిమెంటు నిర్ణయించేవారు ఎదురుగా కూర్చున్న గదిలో ఎంత ఉంటుందో మీకు నేను చెప్పనక్కరలేదు.

దీనికన్నా తక్కువగా గుర్తించే సమస్య మరొకటుంది. అందరికీ తెలిసిన విషయాన్నే గుంపు పదేపదే చర్చిస్తుందనీ, ఒక్కరికే తెలిసినది చాలాసార్లు చర్చకే రాదనీ 1985లో స్టాసర్, టైటస్ అనే పరిశోధకులు చూపించారు. పిల్లవాడి అల్లరి అందరికీ తెలుసు; తల్లి ఆసుపత్రిలో ఉందని, ఫోను అందుకే తెచ్చాడని క్లాస్ టీచర్‌కు మాత్రమే తెలుసు. అలాగే, ఎనిమిదో తరగతి పూర్తయ్యేవరకు విద్యార్థిని బహిష్కరించరాదని విద్యాహక్కు చట్టం 16వ సెక్షన్ చెబుతున్న సంగతి ఒకరికైనా తెలిసే ఉంటుంది, కానీ నోరు విప్పరు. తల్లిదండ్రుల చేతనే దరఖాస్తు రాయించి టీసీ ఇవ్వడమనే మన పాత ఉపాయం (దాన్ని ఉపాయమనడం కూడా మర్యాదకే) ఆ మౌనం మీదే నడుస్తోంది.

కాబట్టి చర్చకు ముందే ప్రతి సభ్యుడూ తన అభిప్రాయాన్ని, తనకు మాత్రమే తెలిసిన విషయాలను చీటీ మీద రాసివ్వాలి. పిల్లవాడి మాట అతని నోటినుంచే వినాలి. ప్రిన్సిపాల్ అందరికన్నా చివర మాట్లాడాలి. ఫిర్యాదు చేసిన ఉపాధ్యాయుడు సాక్షిగా వచ్చి చెప్పవలసింది చెప్పి, నిర్ణయం తీసుకునే సమయానికి గది బయట ఉండాలి.