లంబసింగి: బెజవాడ నుంచి ఒక్క రోజులో వెళ్లొచ్చా?

నమస్తే అండీ. స్క్రీన్ మీద తెల్లగా కనిపిస్తోందే, అది కురిసిన మంచు కాదు, పొగమంచు. ముందే చెప్పేస్తున్నా. ‘ఆంధ్రా కశ్మీర్’ అని పేరు పెట్టి జనానికి లేనిపోని ఆశలు కల్పించారు. మా ఇంట్లో ఏటా సంక్రాంతికి లంబసింగి అనుకోవడం, ఏటా వాయిదా వెయ్యడం. జనవరి మధ్యాహ్నం కూడా ఫ్యాను తిరిగే బెజవాడలో స్వెటర్ తియ్యాలంటే ఏదో ఓ సాకు కావాలి కదా!

ఒక్క రోజులో అవుతుందా? అవుతుంది, రాత్రిని ప్రయాణానికి వాడుకుంటే. విశాఖ వైపు రైలెక్కి నర్సీపట్నం రోడ్‌లో దిగాం. పేరు చూసి ఊళ్లోనే దిగామనుకునేరు, నర్సీపట్నం అక్కడికి పాతిక కిలోమీటర్ల పైనే. ఆ తర్వాత లంబసింగికి ఇంకో ముప్పై, ఘాట్ రోడ్డు. కారు ముందే మాట్లాడుకోండి. ఆ వేళప్పుడు స్టేషన్ బయట బేరాలాడే ఓపిక ఉండదు.

అసలు చూడాల్సింది చెరువులవేనం. కొండ మీది చిన్న గిరిజన పల్లె. చీకటి ఉండగానే ఎక్కాలి. తెల్లారేసరికి లోయంతా పాలు పొంగినట్టు నిండిపోయింది. మేం పైన, పొగమంచు కింద! ఎందుకలా అంటే, మబ్బు లేని చలికాలపు రాత్రి నేలలోని వేడి త్వరగా పోతుంది. చల్లబడిన గాలి బరువెక్కి లోయలోకి జారుతుంది. అందులోని తేమే ఈ పొగమంచు. సుమారు 1000 మీటర్ల ఎత్తు కాబట్టి చలి కూడా గట్టిగానే. ఎండ ఎక్కిందంటే అంతా మాయం. పొద్దెక్కాక వచ్చినవాళ్లు ‘‘ఇదేనా?’’ అంటూ దిగిపోవడం చూశాం.

తాజంగి రిజర్వాయర్ బాగుంది. స్ట్రాబెర్రీ తోటలు ఫొటోలకి సరే. నన్నడిగితే ఆ టైమ్ కాఫీ తోటలకి ఇవ్వండి. సిల్వర్ ఓక్ నీడలో కాఫీ మొక్కలు, ఆ చెట్లకే పాకిన మిరియాల తీగలు. అలాగే చింతపల్లి దాకా వెళ్లండి. మన్యం పోరులో అల్లూరి సీతారామరాజు మొదట ముట్టడించిన పోలీస్ స్టేషన్ అక్కడిదే, 1922 ఆగస్టు 22న. మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మర్నాడు రాజవొమ్మంగి. కారులో కూర్చునే నడుం పట్టేసిన మాకు, ఆ వేగం ఏమిటో ఈ మలుపుల్లోనే తెలిసొచ్చింది.

ఇంకొకటి. చెరువులవేనం వ్యూ పాయింట్ మాత్రమే కాదండీ, మనుషులు కాపురముండే ఊరు. తెల్లవారుజామున స్పీకర్లు, ఇళ్ల మీద డ్రోన్లు, ఎక్కడపడితే అక్కడ సీసాలు... మన వీధిలో చేస్తే ఊరుకుంటామా?

తిరుగు టికెట్ మాత్రం ముందే చేయించుకోండి. సంక్రాంతి రోజుల్లో బెజవాడ వైపు వెయిటింగ్ లిస్ట్ సంగతి నేను చెప్పాలా!