సముద్రం ఒడ్డున ఇల్లు: పన్నెండు నెలలూ ఉండేది ఎవరు, కాగితం ఎవరి పేరున?

[దృశ్యం: భోగాపురం వైపు రోడ్డు పక్కన ప్లాట్ల బోర్డులు]

నమస్కారం. భోగాపురంలో ఎయిర్‌పోర్టు పనులు, మూలపేటలో పోర్టు పనులు మొదలయ్యాక మన విజయనగరం, శ్రీకాకుళం తీరంలో సెంటు ధర గురించి మాట్లాడని టీకొట్టు లేదు. నేను ధరల జోలికి పోను. ఆ ఒడ్డున ఏడాదంతా బతకడం ఎలా ఉంటుందో, అక్కడ ఇల్లు నాదని చెప్పాలంటే చేతిలో ఏముండాలో చెబుతాను. కొనాలనుకునేవాళ్లు చూడండి. తాతల నాటి నుంచి అక్కడే ఉంటున్నవాళ్లు మాత్రం చివరిదాకా చూడండి, అసలు ఈ వీడియో మీ కోసమే.

[తెర మీద: తీరం మ్యాపు, నదుల పేర్లు]

ఇచ్ఛాపురం నుంచి రణస్థలం దాకా శ్రీకాకుళం తీరం 193 కిలోమీటర్లు. బాహుదా, మహేంద్రతనయ, వంశధార, నాగావళి ఇక్కడే సముద్రంలో కలుస్తాయి. కిందికొస్తే కోనాడ దగ్గర చంపావతి. ప్రతి మొగ దగ్గరా, అంటే ఏరు సముద్రంలో కలిసే చోటల్లా, కెరటం ఇసుకను ఒడ్డుకు నెడుతుంది, ఏరు దాన్ని కోసుకుంటూ పోతుంది. అలా ముందు సముద్రం, వెనక ఉప్పుటేరు, మధ్యలో ఇసుక దిబ్బ మీద ఊరు. వరదకు వెనక దారి మునిగిందంటే ఆ ఊరు దీవే.

అలాంటి చోట ఇల్లు చూడ్డానికి వెళ్తే ముందు నుయ్యి చూడండి. కెరటానికి కూతవేటు దూరంలో నీళ్లు తియ్యగా ఉంటాయి, చాలామందికి అదే ఆశ్చర్యం. లీటరు సముద్రపు నీరు దాదాపు 1,025 గ్రాములు తూగుతుంది, మంచినీరు 1,000 గ్రాములు. ఇసుకలో ఇంకిన వాననీరు తేలిక కాబట్టి ఉప్పునీటి మీద తేలుతూ నిలుస్తుంది. లెక్క ప్రకారం సముద్ర మట్టం కంటే ఒక అడుగు ఎత్తున మంచినీరు ఉంటే, కింద 40 అడుగుల దాకా మంచినీరే. ఇది రెండువైపులా పదునున్న లెక్క. మోటారు పెట్టి పైన ఒక అడుగు లాగేస్తే కింద ఉప్పునీరు 40 అడుగులు పైకొస్తుంది. అందుకే పాతవాళ్లు లోతులేని నూతులు తవ్వి చేదతో తోడుకున్నారు. ఒక గెస్ట్‌హౌస్ లోతైన బోరు వేస్తే పక్కనున్న నూతులన్నీ ఉప్పగా మారొచ్చు. దిబ్బ తవ్వి ఇసుక అమ్ముకున్నా అంతే, నీళ్లు నిలిచే చోటే పోతుంది. సరుగుడు తోటను, మొగలి పొదలను కొట్టేసి చదును చేసిన ప్లాటు ఫొటోలో అందంగా ఉంటుంది గానీ, నాకు చూస్తే భయమేస్తుంది.

[దృశ్యం: ఒడ్డున బోర్లించిన తెప్పలు, ఎండబెట్టిన నెత్తళ్లు]

ఇక ఊళ్లో ఏడాది ఎలా గడుస్తుంది? ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మోటారు బోట్ల వేట నిషేధం. ఆ కాలానికి ఇచ్చే భృతిని 20,000 రూపాయలకు పెంచి, 2025 ఏప్రిల్‌లో మన ఎచ్చెర్ల మండలం బుడగట్లపాలెంలోనే మొదలుపెట్టారు. నిషేధం అయ్యాక కూడా మగవాళ్లందరూ ఊళ్లో ఉండరు. బోటు కట్టుకునే హార్బరు దగ్గర్లో లేక, ఎచ్చెర్ల వైపు ఊళ్ల నుంచి ఎందరో గుజరాత్‌లోని వేరావల్‌కు వెళ్లి అక్కడి బోట్లలో కూలికి చేస్తారు. 2018లో పాకిస్తాన్‌కు పట్టుబడ్డ మనవాళ్లు అలా వెళ్లినవాళ్లే. 2020 జనవరిలో 20 మంది వాఘా దాటి వచ్చారు. అన్ని నెలలూ ఇల్లు నడిపింది ఆడవాళ్లు. చేపలు ఎండబెట్టడం, గంప ఎత్తుకుని సంతకు వెళ్లడం, పిల్లల చదువు, తుఫానొస్తే ముసలివాళ్లను షెల్టరుకు చేర్చడం, అన్నీ వాళ్లే.

తుఫాను అన్నాను కదా. పైలిన్ 2013 అక్టోబరు 12న, హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న, తిత్లీ 2018 అక్టోబరు 11న తీరం దాటాయి. తిత్లీ పలాస దగ్గరే దాటి ఉద్దానం కొబ్బరిని, జీడితోటలను నేలమట్టం చేసింది. కళింగపట్నం రేవులో తుఫాను హెచ్చరిక జెండా ఎగిరే నెలలో ఒకసారి ఆ ఊరు వెళ్లి చూశాకే బేరం మాట్లాడండి.

[దృశ్యం: చుట్టిల్లు, దగ్గరగా చూరు]

ఈ చుట్టింటిని చూడండి. గుండ్రటి మట్టిగోడ, పైన తాటాకు. చూరు ఎంత కిందికి దిగిందంటే నడుం వంచితే గానీ లోపలికి వెళ్లలేం. గాలికి తగిలే మూల లేదు, చూరు కింద దూరి పైకెత్తే సందు లేదు. రేకుల ఇంటికి ఈ రెండూ ఉంటాయి. అలాగని అందరూ చుట్టిళ్లలోనే ఉండాలని అనను, స్లాబు ఇల్లు అడిగే హక్కు వాళ్లకీ ఉంది. కట్టేటప్పుడు మాత్రం సముద్రపు ఇసుక, ఉప్పునీళ్లు కాంక్రీటులో పడకూడదు. ఉప్పు చేరితే లోపలి ఇనుము తుప్పుపట్టి ఉబ్బి స్లాబు పెచ్చులూడుతుంది. తీరంలో కనీసం ఎం30 రకం కాంక్రీటు, ఇనుము మీద 45 మిల్లీమీటర్ల కాంక్రీటు కవరింగు ఉండాలని కాంక్రీటుకు మన దేశపు ప్రమాణమైన ఐఎస్ 456 చెబుతోంది. మేస్త్రీతో ఈ రెండూ ముందే మాట్లాడుకోండి.

[తెర మీద: ఊరికి ముందు ఒక గీత, వెనక ఒక గీత]

ఇప్పుడు కాగితాలు. సీఆర్‌జెడ్, అంటే తీరంలో ఎక్కడ ఏం కట్టొచ్చో చెప్పే కేంద్రం నిబంధనలు, 1991 నుంచి ఉన్నాయి. 2011 నోటిఫికేషన్ ప్రకారం పల్లె ప్రాంతాల్లో పోటు గీత నుంచి, అంటే పోటు వేళ నీరు ఎక్కే గీత నుంచి, 200 మీటర్ల దాకా సాధారణంగా కొత్త నిర్మాణం కుదరదు. పాత ఇంటిని అంతే కొలతలో బాగుచేసుకోవచ్చు. 2019 నోటిఫికేషన్ జనసాంద్రత ఎక్కువున్న పల్లెలకు దాన్ని 50 మీటర్లకు, ఒడ్డుకు దగ్గరి దీవులకు 20 మీటర్లకు తగ్గించింది. రాష్ట్ర తీర ప్రణాళికకు ఆమోదం వచ్చిన చోటే ఆ సడలింపు వర్తిస్తుంది. కొనేవాళ్లు సముద్రం నుంచి కొలిచి ఊరుకుంటారు. పోటు ఎక్కే ఉప్పుటేటికీ సీఆర్‌జెడ్ వర్తిస్తుంది, దూరం లెక్క మాత్రం వేరు. ఇసుక దిబ్బ మీద ఊరంటే రెండువైపులా కొలవాల్సిందే.

జిరాయితీ, అంటే సొంత పట్టా భూమైతే, పాత లావాదేవీలు చూపే ఈసీ, రెవెన్యూ రికార్డైన అడంగల్ చూసుకోండి. డి-పట్టా, అంటే పేదలకు ప్రభుత్వం ఇచ్చిన భూమైతే, 1977 చట్టం అమ్మకాన్ని ఆపుతుంది. 2023 సవరణతో 20 ఏళ్లు దాటిన పట్టాలకు వెసులుబాటు వచ్చినా, సర్వే నంబరు 22ఏ అనే నిషేధిత భూముల జాబితాలో ఉన్నంతకాలం రిజిస్ట్రేషన్ జరగదు.

మత్స్యకారుల ఇళ్లు ఎక్కువగా గ్రామకంఠంలో, అంటే ఊరి ఇళ్ల కోసం విడిచిన జాగాలో ఉంటాయి. మూడు తరాలు కాపురమున్నా చాలామంది దగ్గర ఇంటిపన్ను రసీదు, కరెంటు బిల్లు తప్ప మరేమీ లేదు. బయటివాడి పేరున దస్తావేజు, ఆదివారం వచ్చి పోయే ఇల్లు. ఇక్కడివాళ్లకు పన్నెండు నెలల కాపురం, దస్తావేజు లేదు. ఈ తేడా ఇలాగే ఉంటే ధరలు పెరిగే కొద్దీ వెనక్కి జరిగేది వీళ్లే. 2020 ఏప్రిల్‌లో కేంద్రం తెచ్చిన స్వామిత్వ పథకం డ్రోన్లతో గ్రామకంఠాన్ని కొలిచి ఇంటికి కార్డు ఇవ్వడానికే వచ్చింది. కొలతల రోజు ఇంటాయన వేరావల్‌లో ఉంటే హద్దు దగ్గర నిలబడేది ఎవరు? ఇల్లాలే. అక్కా, కొలతలకు వచ్చినప్పుడు మీ వాకిలి, వల ఆరేసే జాగా కూడా చూపించండి. కార్డులో మీ పేరు కూడా రాయమని అడగండి. రసీదులన్నీ ప్లాస్టిక్ కవర్లో చుట్టి, తుఫానుకు షెల్టరుకు వెళ్లేటప్పుడు వెంట తీసుకెళ్లండి. కొలతలో తప్పుంటే గ్రామ సచివాలయంలో అర్జీ పెట్టి, ఆ అర్జీకి రసీదు చేతిలో పడేదాకా కదలకండి.