పాత టకోమా పికప్‌కి ఇంట్లోనే రిపేర్లు, మోడిఫికేషన్లు: ఏది పనికొచ్చింది, ఏది దండగ?

నమస్తే అండి. వెనకాల కనిపిస్తున్నది టయోటా టకోమా, 2003 మోడల్. 3.4 లీటర్ల వి6 పెట్రోల్ ఇంజను, ఐదు గేర్ల మాన్యువల్, ఫోర్ వీల్ డ్రైవ్, ఎక్స్‌ట్రా క్యాబ్, అంటే ముందు సీట్ల వెనక ఇంకాస్త చోటున్న క్యాబిన్. మీటర్ మీద రెండు లక్షల మైళ్లు దాటింది. మన లెక్కలో మూడు లక్షల ఇరవై వేల కిలోమీటర్ల పైమాటే. ఇది బండి రివ్యూ కాదు, ఈ బండికి మా ఇంటి గరాజ్‌లో చేసిన పనుల రివ్యూ. ఏ పనికి పెట్టిన డబ్బుకి న్యాయం జరిగింది, ఏది ఉత్త షోకు, ఏది అసలు చెయ్యనేకూడదు, అదీ ఇవాళ్టి సంగతి. కెమెరా పట్టుకున్నది మా బావమరిది. మధ్యమధ్యలో వాడి ప్రశ్నలు వినపడతాయి, కట్ చెయ్యలేదు.

ఇండియా నుంచి చూసేవాళ్లకి ఒక ముక్క. ఈ బండి అక్కడ ఎప్పుడూ అమ్మలేదు. టయోటా పికప్ అంటే మనకి తెలిసింది హైలక్స్, అది కూడా మన దేశానికి 2022లోగానీ రాలేదు. టకోమా మొదటి తరం 1995 నుంచి 2004 దాకా నడిచింది. కాలిఫోర్నియాలో ఫ్రీమాంట్ అనే ఊళ్లో టయోటా, జనరల్ మోటార్స్ కలిసి నడిపిన ఫ్యాక్టరీలో తయారయ్యేది. ఇప్పుడు అదే ఫ్యాక్టరీలో టెస్లా కార్లు తయారవుతున్నాయి. సరే, కిందకి పోదాం.

ముందు ఛాసీస్, అంటే బండి మొత్తాన్ని మోసే ఇనుప చట్రం. నేనుండేది అమెరికాలో, పెన్సిల్వేనియా స్టేట్‌లోని పిట్స్‌బర్గ్. చలికాలం వస్తే రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, మంచు కరగడానికి. పెన్ హిల్స్‌లో వెంకటేశ్వరస్వామి గుడికి ఎక్కే కొండదారి జనవరిలో చూడాలి, రోడ్డంతా తెల్లగా ఉప్పే. ఆ ఉప్పునీళ్లు ఛాసీస్ లోపలికి చేరి అక్కడే ఉండిపోతాయి. బయట పెయింట్ నిగనిగలాడుతుంటుంది, లోపలి నుంచి ఇనుము తినేస్తుంటుంది. ఈ మొదటి తరం టకోమాల ఛాసీస్ తుప్పు పెద్ద గొడవే అయింది. 2008లో టయోటా 1995 నుంచి 2000 మోడళ్లకి ఛాసీస్ వారంటీని 15 ఏళ్లకి పెంచింది. బాగా తిన్న బండ్లని మార్కెట్ రేటుకి ఒకటిన్నర రెట్లు ఇచ్చి వెనక్కి కొనేసింది. తర్వాత 2001 నుంచి 2004 మోడళ్లకి కూడా చెకింగులు, ఛాసీస్ మార్పిళ్లు చేశారు. ఇప్పుడా గడువులన్నీ అయిపోయాయి, ఇక చూసుకోవాల్సింది మనమే.

ఎలా చూడాలో చూపిస్తా. బండి లేపింది జాకీతో, కానీ కూర్చున్నది జాకీ స్టాండ్ల మీద. చక్రాలకి అడ్డాలు పెట్టాను. ఒట్టి జాకీ మీద బండి ఉండగా కిందకి తల కూడా పెట్టొద్దు. ఇప్పుడు చిన్న సుత్తి తీసుకుని ఛాసీస్ పొడుగునా తట్టుకుంటూ రండి. వింటున్నారా? టంగ్... టంగ్... ఇది మంచి ఇనుము. ఎక్కడైనా చప్పుడు మొద్దుబారి "థప్" అంటే అక్కడ స్క్రూడ్రైవర్‌తో గట్టిగా పొడవండి. పొర లేచినా, మొన లోపలికి దిగినా ఆ బండి వద్దు. ముఖ్యంగా వెనక యాక్సిల్ పైన వంపు, కమాన్ కట్టలు (వెనక బరువు మోసే స్ప్రింగ్ పట్టీలు) తగిలించే బ్రాకెట్లు, స్టెప్నీ వేలాడే అడ్డ పట్టీ, ఈ మూడు చోట్లా చూడండి.

"బావా, నల్ల పెయింట్ కొట్టేస్తే పోదా?"

పోదురా, అదే అసలు ప్రమాదం. రబ్బరులా మందంగా పట్టే నల్ల అండర్‌కోటింగ్ డబ్బాలు ఇక్కడ ఏ షాపులో చూసినా ఉంటాయి. తుప్పు మీద అది కొడితే తేమ లోపలే ఇరుక్కుని, పైకి కొత్తబండిలా కనపడుతూ కింద తింటూనే ఉంటుంది. అమ్మకానికి ముందు ఛాసీస్‌కి తాజాగా నల్లరంగు వేసిన బండి కనిపిస్తే నాకు ముందు అనుమానమే వస్తుంది. నేను వాడేది లానోలిన్. గొర్రె బొచ్చు నుంచి తీసే జిడ్డు. వైర్ బ్రష్‌తో పెచ్చులన్నీ గీకేసి, కడిగి, బాగా ఆరనిచ్చి, ఛాసీస్ రంధ్రాల్లోంచి సన్నటి గొట్టం దూర్చి లోపల కూడా స్ప్రే చెయ్యాలి. ఇది ఎండదు, జిడ్డుగానే ఉంటుంది, అందుకే చీలికల్లోకి పాకుతుంది. తిప్పలు ఏంటంటే, ఏటా చలికాలానికి ముందు మళ్లీ కొట్టాలి, వారం పది రోజులు వాసన, చొక్కాకి అంటితే ఆ చొక్కా గరాజ్‌కి అంకితం. రబ్బరు బుష్‌ల మీద, బ్రేక్ డిస్కుల మీద పడనివ్వకండి. ఈ పనికి నా మార్కులు పదికి పది. ఖర్చు అన్నింటికన్నా తక్కువ, లాభం అన్నింటికన్నా ఎక్కువ.

ఇక ముందు చక్రాల లోయర్ బాల్ జాయింట్, అంటే చక్రాన్ని కింద నుంచి సస్పెన్షన్‌కి పట్టి ఉంచే కీలు. ఒక కప్పులో ఇనుప గుండు (బాల్) తిరుగుతుంటుంది. ఈ బండి తీసుకునేవాళ్లు ఇది తెలియకుండా హైవే ఎక్కకూడదు. చాలా బండ్లలో బరువు ఆ బాల్‌ని దాని కప్పులోకి నొక్కుతుంది, కాబట్టి అరిగినా లోపలే కూర్చుంటుంది. ఈ టకోమాలో బరువు బాల్‌ని కప్పులోంచి బయటికి లాగుతూ ఉంటుంది. బాగా అరిగిందనుకోండి, ఊడొచ్చేస్తుంది. చక్రం పక్కకి మడిచినట్టు పడిపోతుంది, బండి ముక్కు రోడ్డుకి కొట్టుకుంటుంది. 2001 నుంచి 2004 మోడళ్లకి వీటి మీద 2005లో రీకాల్ కూడా వచ్చింది, అంటే లోపం సరిచెయ్యడానికి కంపెనీయే బండ్లని వెనక్కి పిలిచింది. మీ బండికి ఆ పని జరిగిందో లేదో అమెరికా ప్రభుత్వ రోడ్డు భద్రత వెబ్‌సైట్‌లో విన్ నంబర్ (ఒక్కో బండికి ఉండే గుర్తింపు నంబర్) కొడితే తెలుస్తుంది. అయినా 2005లో వేసిన పార్టు కూడా ఇప్పటికి ముసలిదైపోయింది కదా.

చక్రం గాల్లోకి లేపి, పైనా కిందా చేతులు వేసి ఊపండి. ఇంకొకళ్లు జాయింట్ దగ్గర వేలు పెట్టి చూడాలి. కొంచెం కదిలినా మార్చెయ్యడమే. నేను రెండు వైపులా ఒకేసారి మార్చాను, టయోటా ఒరిజినల్ పార్టే వేశాను. మిగతా చోట్ల నేను పిసినారినే. ఫిల్టర్లు, బల్బులు, వైపర్లు ఏది చవకైతే అది. ఈ ఒక్కదాంట్లో మాత్రం చవక మాట ఎత్తొద్దు. ఎడమ కుడి పార్టులు వేరువేరు, ఆర్డర్ చేసేటప్పుడు చూసుకోండి. పని కష్టం కాదు. నాలుగు బోల్టులు, ఒక కాసిల్ నట్టు (పైన గాడులున్న నట్టు), అది ఊడకుండా ఆ గాడుల్లోంచి దూర్చే స్ప్లిట్ పిన్ను. తుప్పు పట్టి ఉంటాయి కాబట్టి ముందు రాత్రే పెనెట్రేటింగ్ ఆయిల్ కొట్టి వదిలెయ్యండి. బిగించేటప్పుడు టార్క్ పానా, అంటే ఎంత గట్టిగా బిగిస్తున్నామో కొలిచే పానా, తప్పనిసరి. పెన్సిల్వేనియాలో ఏటా సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ ఉంటుంది, వాళ్లు ఈ జాయింట్లూ చూస్తారు, బ్రేక్ పైపులూ చూస్తారు.

బ్రేక్ పైపులంటే గుర్తొచ్చింది. అసలు స్టీలు పైపులు ఉప్పుకి తట్టుకోవు. నేను నికెల్, కాపర్ కలిసిన పైపు వేశాను. చేత్తోనే వంగుతుంది, తుప్పు పట్టదు. చివర డబుల్ ఫ్లేర్ తియ్యడం, అంటే లీకవకుండా పైపు అంచుని రెండు మడతలుగా వెడల్పు చెయ్యడం, ముందు తుక్కు ముక్కల మీద నేర్చుకోండి. చెడిన ముక్క కోసేసి మధ్యలో కంప్రెషన్ ఫిట్టింగ్‌తో (పైపు మీద రింగు నొక్కి బిగించే జాయింట్) అతికించేవాళ్లు ఉన్నారు. బ్రేక్ దగ్గర అలాంటి అతుకు పనులు వద్దు.

ఇంజన్లో వాల్వులు, పిస్టన్లు ఒక లయలో కదిలేలా చూసే టైమింగ్ బెల్టు సంగతి త్వరగా చెప్పేస్తా. 90 వేల మైళ్లకి ఒకసారి మార్చాలి, బరువులు లాగే బండైతే 60 వేలకే. ఈ ఇంజన్లో బెల్టు తెగినా వాల్వులు, పిస్టన్లు గుద్దుకోవు. ఇంజన్ బతుకుతుంది, కానీ మీరు మాత్రం ట్రాఫిక్ మధ్యలో ఆగిపోతారు. బెల్టు, వాటర్ పంపు, బెల్టుని బిగువుగా ఉంచే టెన్షనర్, దాన్ని దారిలో నడిపే ఐడ్లర్ పుల్లీలు కలిపి కిట్‌గా దొరుకుతాయి. నేను ఐసిన్ అనే కంపెనీ కిట్ తీసుకున్నాను, 200 డాలర్లకి అటూ ఇటూ పడింది. వాటర్ పంపు ఎలాగూ ఆ బెల్టు వెనకే ఉంటుంది, అంతా విప్పి పాతదే వదిలెయ్యడంలో అర్థం లేదు. క్రాంక్ పుల్లీ (ఇంజను ముందుండే పెద్ద చక్రం) బోల్టు ఒక్కటే ఏడిపిస్తుంది. మంచి ఇంపాక్ట్ గన్ కొనక్కర్లేదు, టూల్స్ అరువిచ్చే ఆటో పార్ట్స్ షాపులు ఉన్నాయి. డిపాజిట్ కట్టి తెచ్చుకుని, పనయ్యాక ఇచ్చేస్తే డబ్బు వెనక్కి ఇస్తారు.

ఇప్పుడు అందరూ ఎదురుచూసే భాగం, మోడిఫికేషన్లు.

బండి ఎత్తు చూడండి. ముందు రెండు అంగుళాలు లేచింది. వెనక పాత కమాన్ కట్టలు చదునైపోయి ఖాళీ బండి కూడా కుంగి ఉండేది, కాబట్టి కొత్త కట్టలు వేశాను. ఇందులో ఫ్యాషన్ కన్నా రిపేరే ఎక్కువ. కొత్త కట్టలకి కొత్త యు బోల్టులే వెయ్యండి. పాతవి ఒకసారి బిగించినప్పుడే సాగి ఉంటాయి. కమాన్ కట్టల చివర్లని ఛాసీస్‌కి తగిలించే షాకిల్ బోల్టులు బుష్‌లో పట్టేసుకుంటే సుత్తితో కుస్తీ పట్టొద్దు, గ్రైండర్‌తో కోసెయ్యండి.

ఇలా బండి ఎత్తు పెంచడాన్నే లిఫ్ట్ అంటారు. లిఫ్ట్ వీడియోల్లో చాలామంది చెప్పని సంగతి ఒకటుంది. రా, కెమెరా వెనక యాక్సిల్ దగ్గరికి తీసుకురా. ఈ కడ్డీ చూశారా? యాక్సిల్ నుంచి పైకెళ్లి ఛాసీస్‌కున్న ఒక వాల్వుకి తగులుకుంది. ఇది లోడు కనిపెట్టే బ్రేక్ వాల్వు. ట్రక్కులో బరువు వేస్తే వెనక భాగం దిగుతుంది, కడ్డీ కదులుతుంది, వెనక బ్రేకులకి ప్రెషర్ పెరుగుతుంది. ఖాళీగా ఉంటే వెనక చక్రాలు లాక్ అయి జారకుండా ప్రెషర్ తగ్గుతుంది. మనం బండి లేపామనుకోండి, ట్రక్కు ఎప్పుడూ ఖాళీయే అని ఈ వాల్వు అనుకుంటుంది. నిండా లోడుతో వెళ్తున్నా వెనక బ్రేకు సగం మనసుతో పడుతుంది, భారమంతా ముందు బ్రేకుల మీదే. పరిష్కారం చిన్నది. యాక్సిల్ మీదున్న ఆ బ్రాకెట్‌ని లేపినంత ఎత్తు పైకి జరపాలి. దానికి చిన్న పట్టీ దొరుకుతుంది. లిఫ్ట్ కిట్‌లో ఇది లేకపోతే విడిగా కొనండి.

"బావా, 33 అంగుళాల టైర్లు వేస్తే ఇంకా బాగుండేదేమో?"

కనపడ్డానికి బాగుంటుందిరా. ఇప్పుడున్నవి 265/75 ఆర్16, అంటే దాదాపు 31.6 అంగుళాలు. 33 వేస్తే మీటర్ 60 చూపించినప్పుడు అసలు స్పీడు 63 దగ్గర ఉంటుంది. గేర్లు పొడుగైపోతాయి, అంటే ప్రతి గేరులో లాగే బలం తగ్గుతుంది, ఈ పిట్స్‌బర్గ్ ఎత్తుల్లో ఐదో గేరు అలంకారానికే మిగుల్తుంది. ఫెండర్ లోపల కొయ్యాలి, బరువు పెరిగి అదే బాల్ జాయింట్ మీద పడుతుంది. ఫోటోకి తప్ప నాకు లాభం కనపడలేదు. ఎత్తు ఇంకా పెంచితే ముందు చక్రాలని తిప్పే సీవీ యాక్సిళ్ల వంపు ఎక్కువై రబ్బరు బూట్లు చిరుగుతాయి. నాకు రెండు అంగుళాలు చాలు. ఏ లిఫ్ట్ అయినా వెంటనే వీల్ అలైన్‌మెంట్ చేయించండి, అది ఇంట్లో అయ్యే పని కాదు.

హెడ్‌లైట్లలో ఎల్‌ఈడీ బల్బులు వేశారా అని చాలామంది అడిగారు. వెయ్యలేదు. హాలోజన్ కోసం తయారైన రిఫ్లెక్టర్‌లో ఎల్‌ఈడీ పెడితే వెలుగు రోడ్డు మీద పడాల్సింది ఎదుటివాడి కళ్లల్లో పడుతుంది. పైగా ఇక్కడ చట్టబద్ధం కూడా కాదు. పచ్చబడ్డ అద్దాలు పాలిష్ చేసి, కొత్త హాలోజన్ బల్బులు వేసి, బల్బులకి బ్యాటరీ నుంచి నేరుగా కరెంటు ఇచ్చే రిలే వైరింగ్ పెట్టాను. ఆ తేడా చాలు. రివర్స్ కెమెరా మాత్రం పెట్టించుకోండి. అమెరికాలో కొత్త బండ్లకి అది 2018 మే నుంచి తప్పనిసరి. దీనికి కొత్త స్టీరియోతో పాటు వేసుకున్నాను, ఒక్క పూట పని.

లోడు గురించి ఒక మాట. మా గుంటూరు మిర్చి యార్డుకి వచ్చే బొలెరో పికప్‌లలో కమాన్లకి అదనపు పట్టీలు వేసినవి కనపడుతుంటాయి. పట్టీ వేస్తే వెనక కుంగదు, నిజమే. కానీ యాక్సిల్, బ్రేకులు, టైర్లు, ఛాసీస్ పాతవే కదా. డోరు పక్కన స్టిక్కర్ మీద ఎంత రాసుంటే బండి కెపాసిటీ అంతే. ఇండియాలో ఉన్నవాళ్లు ఇంకోటి గుర్తుపెట్టుకోండి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్‌కి భిన్నంగా బండిని మార్చకూడదు. 2019లో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. ఎత్తు పెంచడాలు, బాడీ కొయ్యడాలు చేస్తే ఫిట్‌నెస్ దగ్గరా ఇబ్బందే, యాక్సిడెంట్ అయితే ఇన్సూరెన్స్ దగ్గరా ఇబ్బందే. రిపేర్ల వరకు నేను చెప్పింది ఏ పికప్‌కైనా పనికొస్తుంది, లిఫ్ట్ మాత్రం ఇక్కడి ముచ్చట. ఇక్కడ కూడా ఎత్తుకి ఒక్కో స్టేట్‌లో ఒక్కో రూల్, చూసుకుని చెయ్యండి.

"ఇంతకీ బావా, ఈ డబ్బుతో ఇంకొంచెం కొత్త బండి వచ్చేది కదా?"

వచ్చేది. దాంతోపాటు నెలనెలా ఈఎంఐ కూడా వచ్చేది. నా లెక్కలో లానోలిన్, బాల్ జాయింట్లు, బ్రేక్ పైపులు, టైమింగ్ బెల్టు, ఈ నాలుగూ అయ్యాకే మిగతా వాటికి డబ్బు తియ్యాలి. ఈ నాలుగింటికీ సరిపడా డబ్బు, ఓపిక లేకపోతే పాత టకోమా జోలికి పోకండి, దీని రేటు కూడా ఏం తక్కువ కాదు. మీ దగ్గర్లో ఎవరైనా అమ్ముతుంటే, వెళ్లేముందు వెనక యాక్సిల్ పైన ఛాసీస్ ఫోటో తీసి పంపమని అడగండి. దానికి బదులు అలాయ్ వీల్స్ ఫోటోలు పంపిస్తే పెట్రోల్ దండగ, వెళ్లకండి.