తొమ్మిది వందల కొండ, అరవై పాయింట్ల సీసా – నెల్లూరు ఛారిటీ బైక్ ర్యాలీ రివ్యూ

అందరికీ నమస్కారం. గత ఆదివారం నెల్లూరులో జరిగిన ఒక ఛారిటీ మోటార్‌సైకిల్ ర్యాలీలో నేను పాల్గొన్నాను. అది ఎలా నడిచింది, అందులో ఏది బాగుంది, ఏది సరిదిద్దుకోవాలి అన్నది ఈ వీడియోలో చెబుతాను. ప్రవేశ రుసుము పదిహేను వందల రూపాయలు నా జేబులోంచే కట్టాను కాబట్టి మొహమాటపడవలసిన అవసరం నాకు లేదు. ర్యాలీ పేరు, నిర్వాహకుల పేర్లు మాత్రం చెప్పను. ఇందులో కొన్ని ఫిర్యాదులు ఉన్నాయి, వాటిని వారికి నేరుగా చెప్పాను.

ర్యాలీ అనగానే మనకు జెండాలు కట్టుకుని, హారన్లు మోగిస్తూ, వందమంది వరుసగా వెళ్లే ఊరేగింపు గుర్తుకొస్తుంది. ఇది ఆ బాపతు కాదు. దీనిని బోనస్ ర్యాలీ అంటారు. ఇందులో అందరూ ఒకేచోట బయలుదేరి, ఎవరి దారిన వారు వెళ్లి, చెప్పిన గడువులోపల అదే చోటికి తిరిగి రావాలి. ముందురోజు సాయంత్రం చేతికి ఒక పుస్తకం ఇస్తారు. అందులో కొన్ని స్థలాలు, ఒక్కొక్కదానికి ఇన్ని పాయింట్లని, అక్కడ ఏమి ఫోటో తీయాలో, ఏ ప్రశ్నకు జవాబు రాయాలో ఉంటుంది. అలా పాయింట్లు తెచ్చే ఒక్కొక్క చోటునూ, పనినీ బోనస్ అంటారు. ఎక్కడికి వెళ్లాలి, ఎక్కడికి వెళ్లకూడదు అన్న నిర్ణయం పూర్తిగా మనదే. ఈ పద్ధతికి అమెరికాలో పెద్ద పేరు తెచ్చింది 1984లో మొదలైన ఐరన్ బట్ ర్యాలీ. అక్కడ పదకొండు రోజుల్లో సుమారు 11,000 మైళ్లు, అంటే మన లెక్కలో పదిహేడు వేల కిలోమీటర్ల పైచిలుకు తిరుగుతారు. మన నెల్లూరువారు దానిని పన్నెండు గంటలకు కుదించి, ఉదయం అయిదు నుంచి సాయంత్రం అయిదు దాకా అన్నారు. మన ఎండలకు, మన రోడ్లకు అది సరైన కొలత.

ముందుగా వచ్చిన వారికి బహుమతి అన్న మాట ఈ ర్యాలీలో ఎక్కడా లేకపోవడం నాకు బాగా నచ్చింది. మోటారు వాహనాల చట్టం 189వ సెక్షను ప్రకారం ప్రభుత్వం రాతపూర్వకంగా అనుమతించకుండా సామాన్య రహదారి మీద వేగపు పోటీ పెట్టడం నేరం. నాలుగు వరుసల జాతీయ రహదారి మీద కూడా మోటార్‌సైకిల్‌కు గంటకు 80 కిలోమీటర్లే పరిమితి. నిర్వాహకులు ఈ రెండింటినీ పుస్తకం మొదటి పేజీలోనే అచ్చు వేసి, ఐ.ఎస్.ఐ. గుర్తు లేని హెల్మెట్‌తో వచ్చిన ఇద్దరిని బయలుదేరే చోటే ఆపేశారు. పైగా మధ్యలో ఒక గంట ఒకేచోట ఆగి, ఆగినప్పుడొకటి, కదిలేటప్పుడొకటి రసీదు తెచ్చినవారికి రెండు వందల పాయింట్ల విశ్రాంతి బోనస్ పెట్టారు. నేను ఆత్మకూరులో ఒక హోటల్లో కారం దోశ బిల్లుతో ఆ గంటను మొదలుపెట్టి, టీ బిల్లుతో ముగించాను. నిద్రపోయినందుకు పాయింట్లు ఇచ్చే ఆట నేను ఇంతకు ముందు చూడలేదు.

ఇక పుస్తకం సంగతి. మొత్తం ముప్పై బోనస్‌లు. ముప్పై చోట్లలో దేనిని తీసుకోవాలి, దేనిని వదలాలి అన్న ఎంపికలే లెక్క కడితే 107 కోట్లు దాటుతాయి, ఏ వరుసలో వెళ్లాలన్నది వేరే సంగతి. అందుకే ఆ రాత్రి కల్యాణ మండపం నేల మీద మ్యాపులు పరుచుకుని, స్కెచ్ పెన్నులతో గీతలు గీస్తూ, పెద్ద పెద్ద ఉద్యోగాలు చేసేవారు సైతం ఎంట్రెన్స్ పరీక్ష ముందురోజు పిల్లల్లా కూర్చున్నారు. తూర్పున సముద్రం వైపు చిన్న చిన్న పాయింట్లు దగ్గర దగ్గరగా ఉన్నాయి. మైపాడు తీరం, పల్లిపాడు ఆశ్రమం, రామతీర్థం, జువ్వలదిన్నె చేపల రేవు, ఆవిరి ఇంజన్ల కాలంలో ఒక వెలుగు వెలిగిన బిట్రగుంట రైల్వే ఊరు ఆ కోవలోవి. పడమట మెట్ట వైపు పెద్ద పాయింట్లు దూరం దూరంగా ఉన్నాయి. సోమశిల ఆనకట్ట, ఉదయగిరి కొండ, సీతారామపురం మీదుగా వెళితే వచ్చే భైరవకోన గుహాలయాలు. ఇవి కాక, మెట్ట ప్రాంతంలోని కొన్ని పల్లెల పేర్ల పక్కన "నీటి సీసా, 60 పాయింట్లు" అని ఉంది. రాత్రి నేను దానిని పెద్దగా పట్టించుకోలేదు.

సూర్యోదయానికి మైపాడులో ఉన్నవారికి 120 పాయింట్లు. నెల్లూరు నుంచి పాతిక కిలోమీటర్లే కాబట్టి చీకటితోనే అక్కడికి చేరాను. ఫోటోలో బండి, సముద్రం, మన నంబరు రాసిన జెండా గుడ్డ మూడూ కనిపించాలి. నా నంబరు ఇరవై మూడు. గాలి ఎక్కువగా ఉంది, గుడ్డను హ్యాండిల్‌కు క్లిప్పులతో బిగించి, ఫోటో తీసి, మీటరు రీడింగు, సమయం రాసుకుని బయలుదేరాను. తెర మీద కనిపిస్తున్నది ఆ ఫోటోయే. ఒకసారి వీడియో ఆపి జెండాను జాగ్రత్తగా చూడండి, దాని సంగతి తరువాత వస్తుంది.

తిరుగుదారిలో పల్లిపాడు. పెన్న ఒడ్డున ఉన్న పినాకినీ సత్యాగ్రహ ఆశ్రమాన్ని 1921 ఏప్రిల్ 7న గాంధీజీ స్వయంగా ప్రారంభించారు. నెల్లూరులో పుట్టి పెరిగిన నేను అక్కడ బండి ఆపడం ఇదే మొదటిసారి అని చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. దానికి పుస్తకం ఇచ్చింది 80 పాయింట్లు.

ఉదయగిరికి 900. పుస్తకంలో అన్నిటికన్నా పెద్ద బోనస్ ఇదే. కొండ మూడు వేల అడుగుల పైమాటే. దానిని ఎక్కమనలేదు, అలా అంటే పన్నెండు గంటలు అక్కడే అయిపోతాయి. కొండ కనిపించేలా బండి ఫోటో తీసి ఒక ప్రశ్నకు జవాబు రాయాలి: శ్రీకృష్ణదేవరాయలు 1514లో గజపతుల నుంచి ఈ దుర్గాన్ని గెలిచినప్పుడు ఇక్కడి నుంచి తీసుకువెళ్లిన విగ్రహం ఏది, ఎక్కడికి? బాలకృష్ణుడు, హంపికి. ఆ విగ్రహం ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉందని కూడా రాసినవారికి అదనంగా యాభై. ప్రశ్న తయారు చేసినవారికి నా నమస్కారం, ఎందుకంటే ఇది ఫోన్‌లో వెతికితే దొరికే జవాబే అయినా, ఆ కొండ కింద నిలబడి వెతికితే వేరే రకంగా అనిపిస్తుంది. పక్కనే కొయ్య గరిటెలు చెక్కే ఇళ్లు ఉన్నాయి. ఒక చెంచా కొనుక్కున్నాను, దానికి పాయింట్లు లేవు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఈ ర్యాలీ సొమ్ము వెళ్లేది మెట్ట ప్రాంతంలోని ఒక ప్రభుత్వ పాఠశాలలో తాగునీటి శుద్ధి యంత్రానికి. కారణం ఫ్లోరైడు. నీటిలో ఫ్లోరైడు ఎక్కువైతే వచ్చే ఫ్లోరోసిస్ జబ్బు మన దేశంలో మొట్టమొదట వైద్య పత్రికకెక్కింది 1937లో, అది కూడా అప్పటి నెల్లూరు జిల్లా నుంచి. ఆనాటి నెల్లూరు జిల్లాలో కనిగిరి, పొదిలి, దర్శి ప్రాంతాలు కూడా ఉండేవి, 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు అవి అటు వెళ్లాయి. రాతి నేలలోని ఖనిజాల నుంచి ఫ్లోరైడు భూగర్భజలంలోకి కరుగుతుంది. బోరు ఎంత లోతుకు వేస్తే నీరు రాతితో అంత ఎక్కువ కాలం కలిసి ఉన్నదై ఉంటుంది. మన ప్రమాణాల ప్రకారం లీటరుకు ఒక మిల్లీగ్రాము దాకా మంచిది, వేరే దారి లేనప్పుడు ఒకటిన్నర దాకా సరిపెట్టుకోవచ్చు. అంతకు మించిన నీరు ఏళ్ల తరబడి తాగితే మొదట పిల్లల పళ్ల మీద గోధుమరంగు చారలు వస్తాయి, తరువాత ఎముకలు బిగుసుకుంటాయి. మరగబెడితే పోతుందనుకుంటారు చాలామంది. పోదు సరికదా, నీరు ఆవిరై మిగిలినదానిలో ఇంకా చిక్కబడుతుంది.

నీటి సీసా బోనస్ దీనికోసమే. ఒక్కొక్కరికి రెండు ఖాళీ ప్లాస్టిక్ సీసాలు, నంబరు చీటీలు అతికించి ఇచ్చారు. పుస్తకంలో ఉన్న పల్లెకు వెళ్లి, ఊరి బోరు నీటితో సీసాను మూడుసార్లు కడిగి, నాలుగోసారి నింపి, చోటు, సమయం రాసి తేవాలి. సాయంత్రం వాటిని అందరి ముందూ పరీక్షిస్తారు. వేట సరదాను ఇంత పనికొచ్చే పనికి కట్టిన ఆలోచన ఎవరిదో గానీ, ఈ ర్యాలీ మొత్తానికి అదొక్కటి చాలు.

నేను నింపిన మొదటి సీసా సంగతి చెబుతాను. ఆత్మకూరు దాటాక ఒక పల్లెలో బోరు దగ్గర సీసా కడిగి పారబోస్తుంటే, బిందెతో వచ్చిన ఒక పెద్దావిడ ఆగి చూసి, "నీళ్లు పారబోస్తుండావేందయ్యా" అని అడిగారు. పరీక్షకని చెప్పాను. ఆమె నవ్వి, "తాగేదానికేమో అనుకున్నా. ఇవి బర్రెలకీ, బట్టలకీ. తాగేదానికి క్యాన్ నీళ్లు ఉండాయి, ఇంట్లోంచి తెచ్చిస్తా ఆగు" అని లోపలికి వెళ్లి చెంబుతో నీళ్లు తెచ్చారు. హెల్మెట్ తీసి చెంబెడూ తాగాను. ఆ ఇంటివారు ఆ నీటిని ఇరవై లీటర్ల క్యాన్ల లెక్కన డబ్బు పెట్టి కొనుక్కుంటున్నారు.

రెండో సీసా నింపలేదు. ఉదయగిరి, భైరవకోన అయ్యేసరికి గడియారం రెండు దాటింది. పుస్తకంలోని రెండో పల్లె దారి నుంచి పద్నాలుగు కిలోమీటర్లు లోపలికి ఉంది. రానూపోనూ ఇరవై ఎనిమిది కిలోమీటర్లకు అరవై పాయింట్లు. ఆలస్యమైతే నిమిషానికి అయిదు పాయింట్ల చొప్పున పోతాయి, అరగంట దాటితే మొత్తం లెక్కలోంచే తీసేస్తారు. లెక్క వేసుకుని, ఆ మలుపు దగ్గర ఒక నిమిషం ఆగి, నేరుగా నెల్లూరు దారి పట్టాను. ఇంకా ఆరు నిమిషాలు మిగిలి ఉండగా చేరాను. మీటరు 381 కిలోమీటర్లు చూపించింది.

స్కోరింగ్ బల్ల దగ్గర కూర్చున్నది ఒక రిటైర్డ్ లెక్కల టీచరమ్మ. ఫోటోలను ఒక్కొక్కటిగా పెద్దవి చేసి చూస్తున్నారు. నా మైపాడు ఫోటో దగ్గర ఆగి, కళ్లజోడు సవరించుకుని, "నాకు రెండే కనపడతా ఉండాది నాయనా. ఈ పాయింట్లు రెండో నంబరాయనకి ఇచ్చేదా?" అన్నారు. చూస్తే గాలికి గుడ్డ అంచు మడతపడి మూడు కనిపించడం లేదు. 120 పాయింట్లు పోయాయి. నిబంధన అంటే నిబంధనే, ఆమె చేసినది సరైనదే. మీరు ఎప్పుడైనా ఇలాంటి ర్యాలీకి వెళితే నాలుగు మూలలకూ క్లిప్పులు పెట్టండి, ఫోటో తీశాక అక్కడే ఒకసారి పెద్దది చేసి చూసుకోండి.

తరువాత నీటి పరీక్ష. చిన్న చిన్న గాజు గొట్టాలలో నీరు పోసి, ఎర్రటి మందు కొలత ప్రకారం కలిపారు. ఫ్లోరైడు తక్కువగా ఉంటే నీరు గులాబీ రంగులో నిలుస్తుంది, పెరిగే కొద్దీ పసుపు వైపు మారుతుంది. నాదీ, పక్కవారిదీ, నెల్లూరు కుళాయి నీటిదీ వరుసగా నిలబెట్టారు. ఈ ఫోటోలో ఎడమ చివర ఉన్నది కుళాయి నీరు. కుడివైపుకు వస్తున్న కొద్దీ రంగు ఎలా పాలిపోతున్నదో మీరే చూడండి. ఇది చేతి పరీక్షే తప్ప ప్రయోగశాల నివేదిక కాదు కాబట్టి ఏ ఊరి నీరు ఏ రంగుకు వచ్చిందో చెప్పడం న్యాయం కాదు, చెప్పను.

నలభై మందికి పైగా బయలుదేరాం. అందరికీ రెండేసి సీసాలు ఇచ్చారు. బల్ల మీదికి చేరినవి పదకొండు. మిగిలినవారిని తప్పుపట్టే అర్హత నాకు లేదు, ఎందుకంటే నేనూ అదే లెక్క వేసుకున్నాను. తప్పు పుస్తకంలో ఉంది. ర్యాలీ పెట్టినది నీటికోసం, పాయింట్లు పెట్టినది కొండకు. 900 ఎక్కడ, 60 ఎక్కడ? పాయింట్లు ఎక్కడ ఉంటే బండి అక్కడికే పోతుంది. సీసాకు కనీసం మూడు వందలు పెట్టి, ఉదయగిరిని నాలుగు వందలకు దింపి ఉంటే ఆ రోజు బల్ల నిండా గొట్టాలు ఉండేవి, మెట్ట ప్రాంతపు నీటికి ఒక చేతిగీత పటం తయారయ్యేది. ఈ మాట నిర్వాహకులకు చెప్పాను. ఎక్కువ పాయింట్లు పెడితే కుర్రవాళ్లు పల్లె రోడ్ల మీద తొందరపడతారేమోనని భయపడ్డామని అన్నారు. ఆ భయంలో అర్థం ఉంది, ఒప్పుకుంటాను. అయితే దానికి మందు పాయింట్లు తగ్గించడం కాదు. ఆ పల్లెలను ముందే మూడు గుంపులుగా చేసి, ఒక్కొక్కరికి దారిలో పడేవి రెండు కేటాయిస్తే సరిపోతుంది.

మరొక ఫిర్యాదు డబ్బు గురించి. పదిహేను వందలలో ఎంత యంత్రానికి వెళ్లింది, ఎంత టీషర్టుకు, ఎంత భోజనానికి అన్నది ఆ రోజు ఎవరూ చెప్పలేదు. టీషర్టు గుడ్డ బాగానే ఉంది, కానీ నాకు అలాంటివి ఇంట్లో ఇప్పటికే పన్నెండు ఉన్నాయి. వద్దనుకునేవారికి ఆ మొత్తాన్ని కూడా యంత్రానికే జమ చేసే వీలు ఉండాలి. లెక్కలు నెలలోపు పంపుతామన్నారు. వస్తే ఈ వీడియో కింద పెడతాను.

ఎవరు పాల్గొనవచ్చని అడిగితే, పెద్ద బండి ఉండవలసిన అవసరం లేదు. 125 సీసీ బండి మీద వచ్చి, పడమటి వైపు వెళ్లకుండా సముద్రపు ఒడ్డు పాయింట్లన్నీ ఓపికగా ఏరుకున్న ఒక ఆర్టీసీ కండక్టరు గారు నాకన్నా పై స్థానంలో నిలిచారు. నేను తొమ్మిదో స్థానం.

నా దగ్గర మిగిలిన సీసా ఇదిగో, చీటీ మీద 23 అని స్పష్టంగానే కనిపిస్తున్నది. వచ్చే ఆదివారం ఆ పద్నాలుగు కిలోమీటర్లు లోపలికి వెళ్లి, మూడుసార్లు కడిగి, నింపి తెచ్చి ఇస్తానని టీచరమ్మకు మాట ఇచ్చాను. పాయింట్లు ఎలాగూ రావు.